మూరెడు తీగలో పాలపిట్ట

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా నగల కంపెనీలకు పెద్ద చిక్కు వచ్చిపడింది. చవక నగలకు వాడే మామూలు లోహాలన్నీ ఆయుధాల తయారీకి తరలిపోయాయి. వాళ్లకు మిగిలింది వెండి. ట్రిఫారి కంపెనీలో అప్పటి ప్రధాన డిజైనరు ఆల్‌ఫ్రెడ్ ఫిలిప్ అంతకుముందు ఖరీదైన రత్నాభరణాలకు నమూనాలు గీసిన మనిషి. ఆయన కోడిపుంజు, పెంగ్విన్, కప్ప, చేప, పూడుల్ కుక్క లాంటి రూపాలను వెండిలో చేయించి, పొట్ట భాగం ఖాళీగా వదిలి, అక్కడ అద్దంలా మెరిసే అక్రిలిక్ ముక్క పొదిగించాడు. పాత నగలు సేకరించేవాళ్లు వాటిని 'జెల్లీ బెల్లీ' బ్రోచ్‌లంటారు. ఎనభై ఏళ్లు గడిచినా వాటికోసం వెతికేవాళ్లు ఉన్నారు.

అదే కాలంలో శిల్పి అలెగ్జాండర్ కాల్డర్ కళాసంగ్రాహకురాలు పెగ్గీ గుగెన్‌హైమ్ మంచానికి తలవైపు ఒక అలంకారం చేశాడు. చేపలు, తూనీగలు, నీటిమొక్కలు, అన్నీ సాగగొట్టిన వెండితోనే. 1945-46 నాటి ఆ పని ఇప్పుడు వెనిస్‌లోని ఆమె సంగ్రహాలయంలో ఉంది. అక్కడా అంతే, వేరే లోహం దొరకని రోజులు కాబట్టే వెండి వాడారు.

రెండు చోట్లా వెండి గత్యంతరం లేక వచ్చింది. వచ్చాక దాని గుణానికి తగ్గట్టు పనిచేశారు కాబట్టి ఆ వస్తువులు నిలిచాయి. వెండితీగతో, అక్రిలిక్‌తో జంతువుల బ్రోచ్‌లు చేయాలనుకునేవారికి ఈ ఉదాహరణలు బాగా పనికొస్తాయి. తీగకు కొన్ని పనులు చేతకావు, అక్రిలిక్‌కు మరికొన్ని చేతకావు. ఆ రెండింటి మధ్య ఒక జంతువు బతికి కనిపించాలంటే, అందులో దేన్ని వదిలేయాలో చేసేవారు ముందే తేల్చుకోవాలి. ఏనుగును గీస్తూ గోళ్లు, ముడతలు, అంబారీ, గంటలు అన్నీ పెట్టాలనే తాపత్రయమే మొదటి బ్రోచ్‌ను పాడుచేస్తుంది.

రాగితో సాధన

కాల్డర్ చేతికి తీగ చిన్నప్పుడే దొరికింది. 1906లో కాలిఫోర్నియాలోని పసడీనాలో కరెంటు తీగలు అతికే పనివాళ్లు వీధిలో పడేసిన రాగి ముక్కలు ఏరుకొచ్చి, అక్క ఆడుకునే బొమ్మలకు నగలు చేశాడు. అప్పటికి ఆయనకు ఎనిమిదేళ్లు. పెద్దయ్యాక 1919లో మెకానికల్ ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకున్నాడు. తర్వాత పారిస్ చేరి 1926 నుంచి తీగ, గుడ్డ, బెండు, చెక్కలతో ఒక బుల్లి సర్కస్ కట్టాడు. ఏనుగులు, సింహాలు, గుర్రాలు ఉన్న ఆ సర్కస్ న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో భద్రంగా ఉంది. జీవితకాలంలో సుమారు 1,800 నగలు చేశాడని లెక్క. వాటిలో టంకం పెట్టిన చోట్లు చాలా తక్కువ. తీగను సుత్తితో సాగగొట్టడం, చుట్టలు చుట్టడం, రివెట్టు కొట్టడం, సన్నతీగతో కట్టడం, ఆయన పద్ధతి ఇదే. అక్రిలిక్‌తో పనిచేసేవారికి ఇంతకన్నా మంచి గురువు దొరకడు. కారణం కాసేపట్లో తెలుస్తుంది.

వెండి ముట్టుకునే ముందు కొన్ని వారాలు రాగితో పనిచేయాలి. మోటార్లకు వైండింగ్ చేసే దుకాణాల్లో రాగితీగ తూకానికి ఇస్తారు. దాని మీద సన్నటి వార్నిషు పొర ఉంటుంది, సాధనకు అది అడ్డు కాదు. మూరెడు తీగ, అంటే సుమారు 45 సెంటీమీటర్లు, తీసుకుని రోజుకో జంతువు చేయాలి. మధ్యలో కత్తిరించకూడదు, మరో ముక్క అతకకూడదు. తీగ అయిపోయేసరికి జంతువు కూడా పూర్తవ్వాలి.

ఈ నియమం చూపును మార్చేస్తుంది. పిల్లిని చేద్దామని కూర్చున్నవారు మీసాలు, కళ్లు అనుకుంటూ మొదలుపెడతారు. సగం తీగ తలకే ఖర్చయ్యాక, పిల్లి పిల్లిగా కనిపించేది వీపు వంపు, తోక పడిన తీరు వల్లేనని అర్థమవుతుంది. ఏనుగులో నుదుటి నుంచి తొండం చివరిదాకా జారే ఒకే ఒక్క గీత ముఖ్యం. జింక ముఖంలో కళ్లకన్నా చెవులు నిలిచిన కోణం ఎక్కువ చెబుతుంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక అయితే తీగపనికే పుట్టినట్టుంటుంది. మగజింక కొమ్ములు మెలికలు తిరిగి పైకి లేస్తాయి. తీగను మడిచి రెండు పోగులు పెనవేస్తే చాలు, ఆ కొమ్ము వచ్చేస్తుంది.

చూడటానికి ఫొటోల మీదే ఆధారపడకపోవడం మంచిది. ఫొటో ఒక్క క్షణాన్నే చూపిస్తుంది. హైదరాబాదు నెహ్రూ జూలోనో, విశాఖ ఇందిరాగాంధీ జూలోనో ఒకే ఎన్‌క్లోజరు ముందు అరగంట నిలబడి, పెన్సిలు కాగితం మీంచి ఎత్తకుండా గీస్తే, ఆ జంతువు మళ్లీ మళ్లీ ఏ భంగిమకు వస్తోందో పట్టుబడుతుంది. వంచాల్సింది ఆ భంగిమనే. చేసింది కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఇంట్లో ఉన్న చిన్నపిల్లలను అడిగితే సరి. వాళ్లు మొహమాటపడరు. కుక్కను చూసి మేక అంటే మళ్లీ చేయాల్సిందే.

రెండు పదార్థాల స్వభావం

వెండి కొనేటప్పుడు మొదట స్వచ్ఛత అడగాలి. మేలిమి వెండి చాలా మెత్తన, దానితో చేసిన బ్రోచ్ చట్రం గుడ్డ బరువుకే వంగిపోతుంది. వెయ్యిలో 925 వంతులు వెండి, మిగతాది ఎక్కువగా రాగి ఉన్న స్టెర్లింగ్ వెండి చట్రానికి సరైనది. మేలిమి తీగను కట్లు కట్టడానికి వాడుకోవాలి, అక్కడ మెత్తదనమే కావాలి. తర్వాత మందం. ఇక్కడ చాలామంది మోసపోతారు, దుకాణదారు తప్పు లేకుండానే. గేజి సంఖ్యలకు బ్రిటిష్ కొలత ఒకటి, అమెరికా కొలత ఒకటి ఉన్నాయి. 20 గేజి తీగ బ్రిటిష్ లెక్కలో 0.91 మి.మీ., అమెరికా లెక్కలో 0.81 మి.మీ. విదేశీ వీడియో చూసి 20 గేజి అడిగినవారికి కాస్త లావు తీగ చేతికొస్తుంది. కాబట్టి మిల్లీమీటర్లలోనే అడగాలి. చట్రానికి 1 మి.మీ., కట్లకు 0.4 మి.మీ.

ఒక మి.మీ. స్టెర్లింగ్ తీగ మీటరుకు 8 గ్రాములు తూగుతుంది. మూరెడు తీగ అంటే నాలుగు గ్రాముల లోపే. వెండి ధర చూసి జంకేవారు ఈ లెక్క వేసుకుంటే ధైర్యం వస్తుంది.

తీగను వంచినకొద్దీ, కొట్టినకొద్దీ అది బిగుసుకుంటుంది. ఇంకా వంచితే విరుగుతుంది. అప్పుడు కాల్చి మెత్తబరచాలి. కాస్త చీకటిగా ఉన్న చోట మంట చూపిస్తే తీగ మసక ఎరుపుకు తిరుగుతుంది. అక్కడ ఆపి నీళ్లలో ముంచాలి. పైన పట్టిన నలుపును అవుసలివాళ్లు తరతరాలుగా చింతపండు నీళ్లలో ఉడికించి వదిలిస్తున్నారు, ఇంటి పనికి కూడా అది చాలు. నిప్పుతో చేసే ఈ పనులన్నీ అక్రిలిక్ చేతిలోకి తీసుకోకముందే ముగించాలి.

అక్రిలిక్ 1930ల్లో పర్‌స్పెక్స్, ప్లెక్సీగ్లాస్, ల్యూసైట్ పేర్లతో మార్కెట్లోకి వచ్చింది. యుద్ధవిమానాల కాక్‌పిట్ కప్పులు దానితోనే చేశారు. ఆ కప్పులు పగిలి పైలట్ల కళ్లలో గుచ్చుకున్న ముక్కలను కన్ను పెద్దగా ప్రతిఘటించడం లేదని లండన్ కంటి వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. 1949లో అదే పదార్థంతో శుక్లాల రోగి కంటిలో మొదటి కృత్రిమ కటకం అమర్చాడు. కోట్ల మందికి చూపు తిరిగి ఇచ్చిన ఆవిష్కరణకు మూలమైన పదార్థాన్ని చవకబారు ప్లాస్టిక్కని తీసిపారేయడం తగదు. తన మీద పడిన కాంతిలో 92 శాతం దాకా అవతలికి పంపిస్తుంది. ఘన సెంటీమీటరుకు 1.18 గ్రాములే బరువు, అదే వెండి అయితే పది గ్రాములు దాటుతుంది. బ్రోచ్‌లో రంగు పరిచే విశాలమైన భాగాన్ని అక్రిలిక్‌కు, గీతను వెండికి అప్పగించడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

అయితే అది 100 డిగ్రీలు దాటగానే మెత్తబడటం మొదలవుతుంది. వెండి టంకానికి 600 డిగ్రీలు దాటిన వేడి కావాలి. రెండింటినీ మంట దగ్గర కలపడం అసాధ్యం. మిగిలిన దారులు కట్టడం, రివెట్టు వేయడం, తీగ కొనలను గోళ్లలా వంచి పట్టించడం. కాల్డర్ ఇష్టంతో ఎంచుకున్న పద్ధతి అక్రిలిక్ పనిలో తప్పనిసరి అవుతుంది. కట్లు ఎలాగూ కనిపిస్తాయి. వాటిని దాచే ప్రయత్నం కన్నా, ఈకల మధ్య గీతలుగానో చేప పొలుసులుగానో మార్చుకోవడం మేలు.

వెండితీగ పనిలో తెలుగువారికి విదేశీ ఉదాహరణలే దిక్కు కాదు. కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఎలగందుల నుంచి కరీంనగర్‌కు చేరిన ఈ విద్యలో వెండిని కమ్మచ్చు రంధ్రాల్లోంచి ఒకదాని తర్వాత ఒకటిగా లాగి వెంట్రుకలా సన్నబరుస్తారు. రెండు పోగులు పెనవేసి, చదును చేసి, లావు తీగతో కట్టిన చట్రంలో పూలుగా, ఆకులుగా నింపుతారు. అత్తరుదానులు, పాన్‌దానులు, పళ్లేలు అలా తయారైనవే. బ్రోచ్ చేసేవారు వాటిని దగ్గరగా చూస్తే ఒక సూత్రం కనిపిస్తుంది. చట్రం లావుగా, నింపుడు సన్నగా ఉంటుంది. రెండూ ఒకే మందమైతే బొమ్మ కంటికి ఆనదు. అక్రిలిక్ బ్రోచ్‌లో ఆ నింపుడు స్థానాన్ని రంగు పలక తీసుకుంటుంది.

పాలపిట్ట, అంచెలంచెలుగా

మొదటి వెండి బ్రోచ్‌కు పాలపిట్ట తగిన పక్షి. తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా నాడు దాన్ని చూస్తే శుభమని నమ్మకం. ఆ నమ్మకాన్ని సొమ్ము చేసుకోవడానికి పక్షులను వలవేసి పట్టి, పంజరాల్లో వీధి వీధీ తిప్పేవాళ్లున్నారు. పట్టుబడిన వాటిలో చాలా పిట్టలు రెక్కలు దెబ్బతిని, తిండి లేక చచ్చిపోతాయి. దాన్ని దూరంగా, స్వేచ్ఛగా ఉన్నప్పుడే చూడాలి. పొలాల పక్క కరెంటు తీగల మీద కూర్చుని కనిపిస్తుంది.

కూర్చున్నప్పుడు అది పెద్దగా ఆకట్టుకోదు. గోధుమరంగు వీపు, కాస్త ఊదా కలిసిన రొమ్ము. రెక్కలు విప్పి ఎగిరిన మరుక్షణం ముదురు నీలం, లేత నీలం పట్టీలు భళ్లున విచ్చుకుంటాయి. బ్రోచ్ రూపకల్పన అక్కడే తేలిపోతుంది. రెక్కలు విప్పిన భంగిమ, రెక్కలకు మాత్రమే అక్రిలిక్, శరీరమంతా ఒట్టి వెండి గీత. రొమ్ము మీది చారలు, కాళ్లు, కంటి చుట్టూ ఉన్న రంగు వదిలేయాలి. శరీరానికి మించి కనిపించే తల, బలమైన ముక్కు మాత్రం వదలకూడదు. అవి లేకపోతే అది ఏ పక్షైనా కావచ్చు.

అడ్డంగా 5 సెంటీమీటర్లు మించకుండా బొమ్మ గీసి, గీత వెంట నూలుదారం పరిచి కొలిస్తే తీగ పొడవు తెలుస్తుంది. దానికి రెండు మూడు అంగుళాలు కలిపి కత్తిరించుకోవాలి. వంపు ముక్కు దగ్గర మొదలుపెట్టాలి. అన్నిటికన్నా కష్టమైన కోణం అదే, తీగ ఇంకా మెత్తగా ఉన్నప్పుడే దాన్ని తేల్చేయాలి. పెద్ద వంపులు వేళ్లతో తిప్పాలి, ప్లయరును మూలల దగ్గరే వాడాలి. ప్లయరు పళ్ల గాటు వెండి మీద పడితే ఆకురాయితో అరగదీయాల్సి వస్తుంది, అరిగిన చోట తీగ సన్నబడి బలహీనమవుతుంది. నున్నటి ముక్కు ఉన్న ప్లయరు కొనడం, లేదంటే ముక్కుకు తోలు చుట్టడం ముందే చేయాలి. తీగ రెండు కొనలూ తోక కింద కలవాలి, అతుకు కంటపడని చోటు అదే.

తర్వాత సుత్తి. దాగలి మీద పెట్టి, రెక్కల పైఅంచు వంపును నున్నటి సుత్తితో మెల్లగా కొడితే తీగ అక్కడ వెడల్పవుతుంది. ముక్కు, తోక దగ్గర కొట్టకుండా వదిలితే గీత సన్నగా మొదలై, రెక్క మీద లావై, మళ్లీ సన్నబడుతుంది. కుంచె గీతకుండే ప్రాణం తీగకూ వస్తుంది. పైగా కొట్టిన వెండి గట్టిపడుతుంది కాబట్టి చట్రానికి బలం కూడా. ఒక తీగ మీదుగా మరో తీగ దాటే చోట మాత్రం దెబ్బ పడకూడదు, అడుగు తీగ తెగిపోతుంది. ఈ అలంకారపు పనిలో తొందర ఎంతమాత్రం పనికిరాదు.

రెక్కలకు 2 మి.మీ. మందం నీలిరంగు పారదర్శక అక్రిలిక్ చాలు. నేమ్‌బోర్డులు చేసే దుకాణాల్లో మిగులు ముక్కలు చవకగా దొరుకుతాయి. అడగాల్సింది 'కాస్ట్' అక్రిలిక్. 'ఎక్స్‌ట్రూడెడ్' రకం కోసేటప్పుడు తొందరగా కరిగి బ్లేడుకు అంటుకుంటుంది. పైనున్న రక్షణ కాగితం తీయకుండా దాని మీదే రెక్క ఆకారం గీయాలి. ముందు రంధ్రాలు వేసి, ఆ తర్వాతే అంచు కోయాలి. కోసిన ముక్కకు రంధ్రం వేయబోతే అంచు చిట్లే ప్రమాదం ఎక్కువ. రంధ్రానికీ అంచుకూ మధ్య కనీసం రెండు రంధ్రాల వెడల్పు వదలాలి. అడుగున చెక్క ఆనించి, డ్రిల్లు నెమ్మదిగా తిప్పుతూ, మధ్యమధ్య ఒక చుక్క సబ్బునీళ్లు వేయాలి. సన్నబ్లేడు రంపంతో కోసేటప్పుడూ అదే నెమ్మది కావాలి. వేగం పెరిగితే వేడికి కరిగిన అక్రిలిక్ బ్లేడు వెనకే మళ్లీ అతుక్కుపోతుంది. కళ్లద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. రెండు అక్రిలిక్ ముక్కలు అతికించడానికి బోర్డుల దుకాణాల్లో వాడే క్లోరోఫామ్ ఇంట్లోకి రాకపోతేనే మంచిది, ఆ ఆవిరి ఆరోగ్యానికి హాని. ఈ బ్రోచ్‌కు దాని అవసరమూ లేదు.

అంచులను 400 నంబరు ఎమరీ కాగితంతో మొదలుపెట్టి, 800, 1500, 2000 దాకా నీళ్లతో రుద్దాలి. ఒక నంబరు దాటేస్తే ఆ గీతలు చివర్లో కచ్చితంగా బయటపడతాయి. లేత నీలం పట్టీ కోసం పలక వెనకవైపు రంగు వేయవచ్చు. ముందునుంచి చూస్తారు కాబట్టి చిన్న గీతలు మొదట, వెనక పరిచే రంగు ఆఖర వేయాలి. తంజావూరు గాజు చిత్రాల పద్ధతి ఇదే. లేకపోతే ఆ పట్టీ మేర వెనకవైపు ఎమరీతో గరుకు చేస్తే చాలు, నీలం అక్కడ పాలిపోయి మసకగా కనిపిస్తుంది. ఈ రెండో దారే మంచిది. రంగు ఎప్పటికైనా పెచ్చులూడుతుంది, గరుకుదనం పోదు.

కట్టే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఎండకు అక్రిలిక్ వెండికన్నా మూడు రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. ఈ సైజులో ఆ తేడా మిల్లీమీటరులో పదోవంతు లోపే, కానీ బిర్రుగా బిగించిన రంధ్రం దగ్గర పగులు పుట్టడానికి అది సరిపోతుంది. 0.4 మి.మీ. తీగకు 1 మి.మీ. రంధ్రం వేయాలి. తీగను చట్రం మీదుగా రెండు చుట్లు తిప్పి, కొనలను వెనక్కి తీసుకెళ్లి, పలకకు అదిమి పెట్టాలి. రివెట్టు వేయాలనుకుంటే ఒక్కచోటే వేసి, సుత్తికి బదులు వెండిగొట్టం అంచును సూదిలాంటి పనిముట్టుతో విప్పార్చాలి. అక్రిలిక్ ఒత్తిడిని ఓర్చుకుంటుంది, దెబ్బను ఓర్చుకోదు.

వెనకవైపు

నేర్చుకునేవారు ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది బ్రోచ్ వీపునే. ముందువైపు ఎంత అందంగా ఉన్నా, సూది వంగితే అది పెట్టెలోనే ఉండిపోతుంది.

సూదిని వెండితో చేయకూడదు, అది మెత్తన. 0.9 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు తీగ మేలు. అమెరికన్ మెకానిక్ వాల్టర్ హంట్ 1849లో పేటెంటు పొందిన పిన్నీసు ఒకే తీగ ముక్క. ఒక చుట్ట స్ప్రింగులా పనిచేస్తుంది, ఒక కొన సూది, రెండో కొన కొక్కెం. 15 డాలర్ల అప్పు తీర్చడానికి ఆ హక్కులను 400 డాలర్లకు అమ్మేశాడు. బ్రోచ్ వెనక పెట్టే సూదికి ఇప్పటికీ ఆ పిన్నీసే నమూనా. స్ప్రింగు చుట్ట గట్టిగా ఉంటే సూది దానంతటదే కొక్కెంలోకి ఒదుగుతుంది. కొత్తవారు రంధ్రాలున్న రెడీమేడ్ స్టీలు పిన్ను పట్టీ కొని, చట్రానికి వెండితీగతో కట్టుకోవచ్చు.

సూది ఎక్కడ ఉండాలన్నది బరువు లెక్క. బ్రోచ్ ఎత్తులో పైనుంచి మూడోవంతు దగ్గర సూది రావాలి. మధ్యలోనో కిందనో పెడితే పిట్ట ముందుకు వాలి నేల చూస్తుంది. వెనకనుంచి చూసినప్పుడు చుట్ట కుడివైపు, కొక్కెం ఎడమవైపు, కొక్కెం నోరు కిందికి ఉండాలి. కుడిచేతివాటం వారికి పెట్టుకోవడం అలా సులువు, సూది జారినా నగ వెంటనే పడిపోదు.

విదేశీ పుస్తకాల్లోని కొలతలు కోటు కాలరుకు రాసినవి. పైట మడతల సంగతి వేరు. కంచిపట్టు చీర పైటను ఐదారు మడతలు పెట్టి భుజం మీద గుచ్చాలంటే సూదికీ చట్రానికీ మధ్య కనీసం 4 మి.మీ. ఎడం ఉండాలి. ఆ ఎడం లేకపోతే మడతలు నలిగి, జరీ పోగు తెగుతుంది. షిఫాన్, జార్జెట్ చీరలకు బరువే ప్రధానం. ఇక్కడ చెప్పిన పాలపిట్ట చట్రం, రెక్కలు, కట్లు, సూది కలిపి ఏడెనిమిది గ్రాములు దాటదు, పల్చటి పైట కూడా దాన్ని మోయగలదు. అయినా మొదటిసారి పాత నూలుచీర మీద గుచ్చి, ఒక పూట ఇంటిపనులన్నీ చేసుకుని చూడాలి. ఆపైన బ్రోచ్ ముందూ వెనకా షిఫాన్ ముక్కతో తుడవాలి. ఎక్కడ పోగు తగులుకుంటే అక్కడ తీగ కొన ఇంకా మిగిలి ఉన్నట్టే.

పెట్టుకోవడం, దాచుకోవడం

జంతువు బ్రోచ్ మాట్లాడుతుందని మాడలీన్ ఆల్‌బ్రైట్ నిరూపించింది. ఐక్యరాజ్యసమితిలో అమెరికా రాయబారిగా ఉన్నప్పుడు ఇరాక్ పత్రికలు ఆమెను సర్పంతో పోల్చాయి. తర్వాత ఇరాక్ ప్రతినిధులను కలవడానికి ఆమె పాము బ్రోచ్ పెట్టుకుని వెళ్లింది. అప్పటినుంచి చర్చలు నత్తనడక నడిస్తే తాబేలు, కటువుగా మాట్లాడాల్సి వస్తే తేనెటీగ పెట్టుకునేది. ఆ కథలన్నీ 2009లో ఒక పుస్తకంగా రాసింది. ఆమె బ్రోచ్‌ల సంగ్రహంలో చవకవి బోలెడున్నాయి, వాటి విలువ ఎంపికలో ఉంది. బహుమతిగా చేసేవారికి ఇది పనికొచ్చే సంగతి. ఎవరికి ఏ జంతువన్నది ముందు ఆలోచిస్తే, వందసార్లు చేసిన ఆకారం కూడా వాళ్లకోసమే పుట్టినట్టుంటుంది.

అక్రిలిక్‌కు అసలు శత్రువులు ఆల్కహాలు, అసిటోన్. సెంటు, హెయిర్ స్ప్రే, శానిటైజరు తగిలిన చోట సాలెగూడు లాంటి పగుళ్లు పడతాయి, వాటికి మందు లేదు. సెంటు చల్లుకుని, అది ఆరాకే బ్రోచ్ గుచ్చుకోవాలి. వెండి వస్తువులను విభూతితోనో పళ్లపొడితోనో తోమే అలవాటు మన ఇళ్లలో ఉంది. పూజసామాను వరకు సరే, ఇక్కడ మాత్రం వద్దు. ఆ పొడి అక్రిలిక్ మీద గీతలు పెడుతుంది. వేడినీళ్లు, సోడా, అల్యూమినియం రేకుతో నలుపు వదిలించే చిట్కా కూడా దీనికి పనికిరాదు. వెండి తుడిచే గుడ్డను వేలికి చుట్టుకుని చట్రం మేరకే తుడిచి, గాలి చొరని చిన్న సంచిలో పెడితే చాలాకాలం నల్లబడదు.

అమ్మాలనుకునేవారు వెండి తూకం మీద ధర కట్టకూడదు. నాలుగైదు గ్రాముల వెండి ధర చూసి ధర చెబితే, ఎమరీ కాగితాలతో గడిపిన మధ్యాహ్నాలకు కూలి దక్కదు. గంటకు ఎంత కావాలో ముందు తేల్చుకుని, దానికి సామాను ఖర్చు కలపాలి. వెండి ఎంత స్వచ్ఛమో, పలక అక్రిలిక్కో గాజో కొనేవారికి చీటీ మీద స్పష్టంగా రాసివ్వాలి. బంగారానికి లాగా వెండికి హాల్‌మార్కు తప్పనిసరి కాదు. కాబట్టి ఆ చీటీలోని నిజాయితీయే కొత్త కళాకారులకు పేరు తెస్తుంది.

పాలపిట్ట కుదిరాక తాబేలు చేయవచ్చు, అదీ ట్రిఫారి పద్ధతిలో. దానికి పలక చాలదు, 10 మి.మీ. మందం పారదర్శక అక్రిలిక్ దిమ్మె కావాలి. పైభాగాన్ని ముందు ఆకురాయితో డిప్పలా గుండ్రం చేసి, 240 నంబరు నుంచి ఎమరీ పట్టాలి. అడుగు చదునుగానే వదలాలి. అలా చేసిన డిప్ప భూతద్దంలా పనిచేసి తన కింద ఉన్నదాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. అందుకే పెంకు మీది గళ్లను పైన చెక్కకుండా, 0.4 మి.మీ. వెండితీగతో వలలా అల్లి డిప్ప అడుగున పెట్టాలి. డిప్పను పట్టి ఉంచడానికి నాలుగు కాళ్లనే గోళ్లలా పైకి వంచితే వేరే కట్లతో పనిలేదు. ఈ తాబేలు పిట్టకన్నా బరువు, కాబట్టి సూది ఇంకాస్త పైకి జరపాలి.